కాటన్‌పేట పాటలు

"ఈ సంచికకు మీకిష్టమైన పాటల గురించి రాయండమ్మా, పది పాటలు చాలు" అని సంపాదకులు అడిగారు. సరేనని కాగితం తీసుకుని కూర్చున్నాను. పాటల పేర్లు రాద్దామంటే గడపలు గుర్తుకొస్తున్నాయి, కొళాయి దగ్గర బిందెల వరస గుర్తుకొస్తోంది, ఎవరి వంటింట్లోంచో ఇంగువ తాలింపు వాసన వస్తోంది. నాకిష్టమైన పాటలన్నిటికీ చిరునామా ఒక్కటేనని అప్పుడు తెలిసింది. బెంగళూరు, కాటన్‌పేట. అందుకని పది పాటల పట్టీ పక్కన పెట్టి మిమ్మల్ని ఆ పేటలోకి తీసుకుపోతాను. దారిలో వినబడినన్ని వినండి.

మెజస్టిక్ బస్టాండులో దిగి దక్షిణంగా నడిస్తే మా పేట చేరడానికి ఎంతోసేపు పట్టదు. 1537లో కెంపేగౌడ కట్టించిన ఊళ్లో ఒక్కో సరుక్కి ఒక్కో పేట. బియ్యానికి అక్కిపేట, గాజులకు బళేపేట, కుండలకు కుంబారపేట. మాది పేరులోనే ఉంది, పత్తి. నేను పుట్టేనాటికి పత్తి బస్తాలు కనబడేవి కావు. బళేపేటలో కూడా గాజులకన్నా హార్మోనియంలూ, వీణలూ, మృదంగాలూ అమ్మే కొట్లకే పేరు. పత్తితో మాకు మిగిలిన చుట్టరికమల్లా బిన్నీ మిల్లు కూత. 1884లో మొదలైన మిల్లు అది. ఆ కూత విని అమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టేది. ఇప్పుడా మిల్లు లేదు, దాని స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి.

మా నాన్నగారిది హిందూపురం. చిక్కపేటలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. పెళ్లయిన కొత్తలో అమ్మను తీసుకొచ్చి ఒక వఠారంలో కాపురం పెట్టారు. వఠారమంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. నడుమ ఒక వాకిలి, దానికి అటూ ఇటూ రైలుపెట్టెల్లా వరసగా ఇళ్లు, అందరికీ కలిపి ఒకటే కొళాయి. మావి పది ఇళ్లు. మూడు తెలుగిళ్లు, నాలుగు కన్నడం వాళ్లవి, ఇద్దరు తమిళులు, ఒక మరాఠీ దర్జీ. వెనకగోడ అవతల ఉర్దూ మాట్లాడే కుటుంబాలు. ఒక ఇంట్లో రేడియో పెడితే పది ఇళ్లూ వినాల్సిందే, వద్దన్నా తప్పదు. మా ఎదురింటి కన్నడావిడను మేం దొడ్డమ్మ అనేవాళ్లం, అంటే పెద్దమ్మ. ఆవిడ మా అమ్మను 'తంగి' అనేది, అంటే చెల్లెలు. ఈ అక్కచెల్లెళ్లకు జీవితమంతా ఒకటే జగడం. ఆ జగడమే నా పాటల కథ.

మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. మధ్యాహ్నం దాటాక సిలోన్‌లో తెలుగు పాటలు. మీనాక్షీ పొన్నుదురై గొంతు వినబడగానే అమ్మ చాటలో బియ్యం పోసుకుని రేడియో పక్కకు చేరేది. ఆ తెలుగులో తమిళపు యాస కొంచెం వినబడేది గానీ మా తెలుగులో కన్నడం లేదా ఏమిటి! రాత్రయితే కడప కేంద్రం, గాలివాటాన్నిబట్టి కాసేపు దగ్గరికొచ్చి కాసేపు దూరం పోయేది. నాకు తెలుగు అక్షరాలు రావడానికి ముందే ఘంటసాల గొంతు వచ్చింది. బడిలో కన్నడం, వీధిలో కన్నడమూ ఉర్దూ, ఇంట్లో మాత్రమే తెలుగు. ఆ ఇంటి తెలుగులో ఉప్పూ పప్పూ మాటలే తప్ప 'వెన్నెల' లాంటి మాటతో పనేముంటుంది? ఆ మాట నాకు మాయాబజార్ పడవపాట ఇచ్చింది. విరహం, కినుక, నెలరాజు - ఇవన్నీ పాటల్లోంచి ఏరుకున్నవే. ఒక్క పాటలో ఎన్ని మాటలు తెలియవో అన్నీ అమ్మను అడిగేదాన్ని. ఆవిడకూ తెలియనివి నాన్నగారికి వాయిదా వేసేది. ఆయన చద్దన్నం తింటూ అర్థం చెప్పి, కొట్టుకు వేళయిందని లేచిపోయేవారు.

జగడం ఎలా మొదలైందంటే, కాళహస్తి మహాత్మ్యం పాటతో. 1954లో కన్నడంలో బేడర కణ్ణప్ప వచ్చింది, రాజ్‌కుమార్ కథానాయకుడిగా తొలిచిత్రం. అదే ఏడాది దాన్నే తెలుగులో కాళహస్తి మహాత్మ్యంగా తీశారు. ఆయన నటించిన తెలుగు సినిమా అదొక్కటే. అందులో తిన్నడికి పాడింది ఘంటసాల. ఆ శివుడి పాట రేడియోలో వచ్చినప్పుడల్లా మా అమ్మ వాకిట్లోకి వినబడేలా శబ్దం పెంచి "అక్కా, మీ రాజ్‌కుమార్‌కు మా ఘంటసాల గొంతు అరువిచ్చాడు, విను" అనేది. దొడ్డమ్మ ఊరుకుంటుందా! "మీ కాకినాడ శ్రీనివాస్‌ను మేం అచ్చంగా కొనేసుకున్నాం కదా, ఇంకా అరువెందుకు?" అనేది.

ఆవిడన్నదీ నిజమే. పి.బి.శ్రీనివాస్ 1930లో కాకినాడలో పుట్టారు. మన తెలుగు సినిమాలో ఆయనకు దక్కినవి మంచి పాటలే, కానీ లెక్కపెట్టదగినన్ని. కన్నడంలో రాజ్‌కుమార్ తెరమీద నోరు విప్పితే ఏళ్ల తరబడి వచ్చింది ఈ కాకినాడాయన గొంతే. మెత్తగా, గట్టిగా అరవడం తెలియనట్టుగా ఉండే గొంతు. మా పేటలో కూలివాళ్లు, బండివాళ్లు, హోటల్ సర్వర్లు, అందరూ ఆ గొంతుతో ప్రేమించి ఆ గొంతుతోనే ఏడ్చారు. అది తెలుగువాడి గొంతని వాళ్లలో ఎంతమందికి తెలుసో! తెలిసినా ఫరక్ పడేది కాదనుకోండి. ఎస్.జానకి రేపల్లె ప్రాంతపు పిల్ల, ఆవిడ లేకుండా ఆ కాలపు కన్నడ పాటను ఊహించలేం. తర్వాత నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం 1966లో తొలి తెలుగు పాట పాడిన కొద్ది రోజులకే కన్నడంలో పాడారు. మరో జన్మంటూ ఉంటే కర్ణాటకలో పుట్టాలని ఉందని కూడా ఆయన అంటుండేవారు. ఆ మాట టీవీలో విన్నరోజు అమ్మ ముఖం ముడుచుకుని "మరి నెల్లూరు ఏం పాపం చేసిందంట?" అంది.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. అమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. దొడ్డమ్మ ఏమీ మాట్లాడకుండా సారూ అన్నమూ తెచ్చి మా గడపలో పెట్టి పోయింది. చావు జరిగిన ఇంటికి తెచ్చినట్టే. అంతవరకు జగడమాడిన మనిషి!

అదే ఏడాది శ్రీనివాస్ గారికీ గడ్డుకాలం మొదలైంది. సంపత్తిగె సవాల్ సినిమాలో రాజ్‌కుమార్ తన పాట తానే పాడారు. అది ఎంత పేరు తెచ్చుకుందంటే ఆ తర్వాత ఆయనకు వేరే గొంతు అవసరం లేకపోయింది. పాడించిన సంగీత దర్శకుడు జి.కె.వెంకటేశ్ కూడా మనవాడే, హైదరాబాద్‌లో పుట్టిన గుర్జాడ వారబ్బాయి. దొడ్డమ్మకు అన్నావ్రు స్వయంగా పాడటం పండగే అయినా, "ఆ మనిషిని ఇలా వదిలేయకూడదు" అని మాత్రం చాలాసార్లు అంది. శ్రీనివాస్ గారు ఎవరి మీదా నిష్ఠూరమాడిన జాడ లేదు. మద్రాసు వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ హోటల్లో జేబునిండా రంగురంగుల కలాలతో కూర్చుని కవిత్వం రాసుకునేవారు. 2013లో కన్నుమూశారు.

ఇక అసలు జగడం. 1975లో తెలుగులో 'పూజ' వచ్చింది. దాశరథి పాటలు. అందులో బాలూ, వాణీ జయరాం కలిసి పాడిన యుగళగీతం, జన్మజన్మల బంధం గురించినది, మీ అందరికీ తెలిసే ఉంటుంది. అది మొదటిసారి రేడియోలో వచ్చినరోజు దొడ్డమ్మ చేతిలో పిండి అలాగే ఉంచుకుని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. "ఇదు నమ్దు! నమ్దు కణే తంగీ!" ఇది మాది అని. ఆవిడ ఎందుకన్నదంటే ఏడాది ముందే, 1974లో, రాజ్‌కుమార్ 'ఎరడు కనసు'లో సరిగ్గా ఆ వరసే వచ్చింది. మైసూరు అన్నదమ్ములు రాజన్-నాగేంద్ర కట్టిన వరస అది. తెలుగు సినిమాకు కూడా వాళ్లే సంగీతం. అమ్మ వెంటనే లాయరు ప్రశ్న వేసింది: "కన్నడంలో పాడిందెవరు?" శ్రీనివాస్, వాణీ జయరాం. "అయితే పాడింది కాకినాడ వాడు. మాదే!" తమిళ మామి తలుపు తీసి "వాణీ జయరాం వేలూరు అమ్మాయి, తెలుసా?" అని తనవంతు వేసింది. అదే సినిమాలోని పూజపాట సంగతి ఇంకా చిత్రం. కన్నడంలో పాడింది మన జానకి, తెలుగులో పాడింది వేలూరు వాణి. ఆ లెక్క తేలక పది ఇళ్ల ఆడవాళ్లూ ఆ సాయంత్రం కొళాయి నీళ్లు మరిచిపోయారు.

ఆ వరస నా లోపల రెండు భాషల్లోనూ స్థిరపడిపోయింది. అర్థాలు వేరు, కానీ స్వరం ఒకచోట మెల్లగా దిగి మళ్లీ పైకెక్కుతుంది చూడండి, అక్కడ రెండు భాషల్లోనూ నాకు ఒకే వాకిలి కనిపిస్తుంది. పెళ్లి చూపుల్లో నన్ను పాడమంటే ఈ పాటే పాడాను. ఏ భాషలో పాడానన్నది మా వారికి గుర్తులేదట!

ఇలా చెబుతున్నానని భాషల మధ్య పట్టింపులే లేవనుకోకండి. వసంతకాలం వస్తే చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు మైదానంలో రామసేవా మండలి వారి రామనవమి కచేరీలు. 1939 నుంచీ జరుగుతున్నాయి. నాన్నగారు మమ్మల్ని నడిపించుకుని తీసుకెళ్లేవారు. టిక్కెట్టు కొనలేని వాళ్లం బయట నిలబడి మైకులో వినేవాళ్లం. తమిళ విద్వాంసులు, కన్నడ శ్రోతలు, పాటలేమో త్యాగరాజువి, అచ్చ తెలుగు. అదొక్కటే మాకు గర్వం. 1960ల మొదట్లో ఆ కచేరీల విషయంలోనే, బయటి కళాకారులకు ఇచ్చే పీట కన్నడ కళాకారులకు ఇవ్వరేమని అ.న.కృష్ణరాయలు వంటి పెద్దలు ఉద్యమం చేశారు. వారి బాధలో న్యాయం ఉంది. సొంత ఊళ్లో పరాయివాళ్లం అయిపోతామేమోనన్న భయం ఎవరికైనా భయమే. బయట ఉంటున్న మనకు ఆ భయం ఇంకా బాగా అర్థం కావాలి.

నాన్నగారు ఆ కచేరీల నుంచి తిరిగొచ్చే దారిలో బెంగళూరు నాగరత్నమ్మ గారి గురించి చెప్పేవారు. 1878లో నంజనగూడులో పుట్టిన కన్నడ దేశపు ఆడకూతురు. ముద్దుపళని రాసిన తెలుగు కావ్యం రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి అచ్చువేయించింది. మన పండితులే కొందరు అసభ్యమని గోలచేశారు, ప్రభుత్వం నిషేధించింది, 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. తిరువయ్యారులో త్యాగరాజ స్వామి సమాధి పాడుపడి ఉంటే తన సొమ్ముతో గుడి కట్టించిందీ ఆవిడే. "తెలుగును మనకంటే గట్టిగా పట్టుకున్నావిడ తెలుగువాళ్లింట పుట్టలేదే" అనేవారు నాన్నగారు. మైసూరు వాసుదేవాచార్యుల వారి కృతులు విన్నప్పుడూ ఇదే మాట. ఆయన కన్నడిగుడు, రాసింది ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలో.

అయినా 1982లో గోకాక్ ఉద్యమం వచ్చి, రాజ్‌కుమార్ ఊరూరా తిరిగి కన్నడం కోసం సభలు పెట్టినప్పుడు నాన్నగారు మా రేడియో శబ్దం తగ్గించారు. ఎవరూ మమ్మల్నేమీ అనలేదు. ఆయనే తగ్గించారు. రెండురోజులు చూసి దొడ్డమ్మ వాకిట్లోంచి "ఏన్రీ, రేడియో చెడిపోయిందా?" అని అడిగింది. నాన్నగారు ఏం చెప్పాలో తెలియక నవ్వారు. ఆవిడ లోపలికొచ్చి తానే మీట తిప్పి శబ్దం పెంచి, కొళాయికి పోయింది. ఆ మధ్యాహ్నం ఏ పాట వచ్చిందో నాకు జ్ఞాపకం లేదు. కానీ నాకిష్టమైన పాటల్లో దాన్నీ చేర్చుకోవాలి.

కాటన్‌పేట గురించి రాస్తూ కరగ రాత్రి గురించి రాయకపోతే పాపం. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడినుంచి కరగ బయల్దేరుతుంది. ఆడవేషం ధరించిన పూజారి తలమీద మల్లెల గోపురం, చేత్తో పట్టుకోకుండా. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు, ఒకటే గోవింద నామం. పేటలన్నీ తిరుగుతూ తెల్లవారుజామున మా కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వస్తుంది. ద్రౌపదీదేవి ఉత్సవం సూఫీ సాధువు సమాధి ముందు ఆగుతుందన్నమాట! తవక్కల్ మస్తాన్ ఒకసారి కరగ చూడవచ్చి గాయపడితే పూజారి కుంకుమ రాసి మాన్పాడనీ, అందుకే కరగ తన దగ్గరికి రావాలని ఆయన కోరాడనీ చెప్పుకుంటారు. నిద్రమొహాలతో మేం దర్గా మెట్లమీద కూర్చునేవాళ్లం. అగరుబత్తీ, మల్లె, సాంబ్రాణి, అన్నీ కలిసిన ఒక వాసన. గోవింద నామం దగ్గరవుతుంటే దర్గాలో పెద్దలు లేచి నిలబడేవారు. దాన్ని పాటనవచ్చో కూడదో సంగీతం తెలిసినవాళ్లు చెప్పాలి. నా పట్టీలో అది ఉంది.

1980లో శంకరాభరణం వస్తే వఠారమంతా మెజస్టిక్‌కు తరలివెళ్లింది. అనువాదం లేదు, తెలుగులోనే. దొడ్డమ్మ మూడుసార్లు చూసింది. 1988లో నా పెళ్లయింది. నాన్నగారు పోయాక అమ్మ నా దగ్గరికి రాజరాజేశ్వరి నగరకు వచ్చింది. దొడ్డమ్మ కొడుకు కెంగేరిలో ఇల్లు కట్టుకున్నాడు. వఠారం పడగొట్టి దుకాణాల కట్టడం లేపారు. మా ఇల్లున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

2011లో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. నా పేరు కూడా రాదు. నోరు తెరుస్తుంది, ఏదో చెప్పాలని కళ్లతో తంటాలు పడుతుంది, మాట రాదు. ఆ కళ్లు చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని. దొడ్డమ్మకు కబురు తెలిసి ఆటోలో వచ్చింది. మంచం పక్కన కూర్చుని పరామర్శలేమీ లేకుండా, జగడానికి దిగినట్టుగా, ఎరడు కనసు పాట అందుకుంది. కన్నడంలో. ఎనభైకి దగ్గరపడిన గొంతు, శ్రుతి ఎక్కడో ఉంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి అమ్మ పెదవులు కదిలాయి. తెలుగులో వచ్చింది పాట. మాట రాని మనిషి నోట పల్లవి మొత్తం, ఒక్క అక్షరం పోకుండా! ఒకరు కన్నడం, ఒకరు తెలుగు, ఇద్దరూ ఒకే వరస.

మాట పోయినా పాట మిగలడం ఉంటుందనీ, మాటకు మెదడులో ఎడమవైపు ముఖ్యమైతే పాటకు కుడివైపు కూడా తోడు వస్తుందనీ మాట నేర్పించే డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ దారిలోనే కొన్ని మాటలు తిరిగొచ్చాయి. 'నీళ్లు' అనడానికి అమ్మ రాగం తీసేది. 2014లో పోయేవరకు మా ఇంట్లో కాఫీ కూడా రాగంలోనే అడిగేవారు.

ఇప్పుడు మా అమ్మాయి మెల్బోర్న్‌లో ఉంది. దాని కొడుక్కి తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో. మీ ఇళ్లలో సంగతి వేరే చెప్పాలా! 2025 ఏప్రిల్‌లో సెలవులకు వచ్చినప్పుడు వాడు బడిలో నేర్చిన 'వాల్ట్సింగ్ మటిల్డా' పాడాడు. ఆ దేశంలో అందరికీ వచ్చే పాటట. మటిల్డా అంటే ఆడపిల్లేమో అనుకుంటారు, కాదు, దిమ్మరి భుజాన వేసుకున్న మూట. గొర్రెను దొంగిలించి, పట్టుబడేకంటే చావడం మేలని నీళ్లలో దూకిన బీదవాడి కథ. దాని పుట్టుక విని నాకు మా వాకిలి గుర్తొచ్చింది. క్రిస్టీనా మాక్‌ఫర్సన్ అనే ఆవిడ 1894లో ఒక ఊళ్లో గుర్రప్పందేల దగ్గర బ్యాండు వాయించిన వరస విని మనసులో పెట్టుకుంది. స్కాట్లండు వరస అది. మరుసటి ఏడు క్వీన్స్‌లాండ్‌లో తమ వాళ్ల పశువుల పాలెంలో ఆ వరస వాయిస్తుంటే బాంజో పాటర్సన్ అనే కవి దానికి మాటలు కట్టాడు. అదీ వాళ్ల ఇంటిపాట. వరస ఒక దేశానిది, మాటలు ఒక దేశానివి!

పిల్లవాడిని ఆ ఏప్రిల్‌లో కరగకు తీసుకెళ్లాను. దర్గా ముందు గోవింద నామం విని ఇది ఏ భాష అని అడిగాడు. ఆ రద్దీలో ఏం చెప్పను, చెయ్యి గట్టిగా పట్టుకోమన్నాను. మర్నాడు నిద్రలేచాక కెంగేరికి, దొడ్డమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. తొంభైకి చేరువైంది, చూపు ఆనదు, చెవులు మాత్రం భేషు. అమ్మ మునిమనవడంటే దగ్గరికి లాక్కుని తల నిమిరి, పాడమంది. వాడు మటిల్డా పాట అందుకున్నాడు. దొడ్డమ్మ తొడమీద తాళం వేస్తూ చివరిదాకా విని, నా వైపు తిరిగి అడిగింది:

"నమ్దా, నిమ్దా?"

మాదా, మీదా అని. నాకు జవాబు తోచేలోపే ఆవిడ కోడల్ని పిలిచి, పిల్లవాడికి పాలలో ఒక చుక్క డికాక్షన్ వెయ్యమంది. మళ్లీ పాడమని వాడి మోకాలి మీద తట్టింది.